ప్రశ్నార్థకాలే పరమ సుఖం

ఉత్తరమంటే ఎలా ఉండాలో తెలుసా మీకు? మొదటి నుంచి చివరి దాకా ప్రశ్నార్థకాలే ఉండాలి! మధ్యలో ఒక కామానో, ఒక చుక్కో కనిపిస్తే కనిపించవచ్చు గానీ, అంతకు మించి ఒక్క ముక్క అర్థం కాకూడదు. అలాంటి ఉత్తరం అందుకున్నవాళ్ళే అదృష్టవంతులు.

నవ్వకండి. ఊరికే అనడం లేదు. మా చిన్న కోడలి ఆఫీసు నుంచి మన భాషలో మెయిలు బయలుదేరితే చాలు, చేరేసరికి ప్రతి అక్షరమూ నడుం వంగిపోయి ప్రశ్నార్థకమై కూర్చునేది. అలాంటి ఉత్తరాలు నా ఫోనుకి కుప్పలుగా వచ్చాయి. కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాను. చూడగా చూడగా వాటిలో ఉన్న సుఖం నాకు తెలిసివచ్చింది.

ముందు చదువు సంగతి చూడండి. నేను ఐదో తరగతి గడప దాటలేదు. పెళ్ళయిన కొత్తలో ఉత్తరం వస్తే నేను కూడబలుక్కుని రెండో వాక్యానికి వచ్చేలోపు మా ఆడపడుచు లాక్కుని ఆసాంతం చదివేసి, మళ్ళీ మడిచి నా చేతిలో పెట్టేది. ఇప్పుడో? ఈ మెయిలు ముందు డాక్టరు కూర్చున్నా, ప్లీడరు కూర్చున్నా, ఇంతింత లావు పుస్తకాలు రాసిన ప్రొఫెసరు కూర్చున్నా జరిగి జరిగి నా బెంచీ మీదికి రావలసిందే! పెద్దపెద్దవాళ్ళు ఉపన్యాసాలిచ్చి తేలేని సమానత్వాన్ని ఒక పాడు మెషీను తెచ్చిపెట్టిందంటే మెచ్చుకోవద్దూ?

తర్వాత ఆరోగ్యం. మంచి కబురైనా, చెడ్డ కబురైనా ఒకేలా కనిపిస్తే బీపీ ఎందుకు పెరుగుతుంది? గుండె ఎందుకు దడదడలాడుతుంది? చూశాం, నిట్టూర్చాం, ఫోను బోర్లా పెట్టాం. అంతే!

ఇక స్నేహాలు. మా పక్కింటాయన కవితలు రాసి ఇంటిల్లిపాదికీ పంపిస్తారు. చదవాలి, చదివామని చెప్పాలి, ఏ లైను బాగుందో కూడా చెప్పాలి. అవే ప్రశ్నార్థకాలై వస్తే, "ఎన్ని ప్రశ్నలు రేపారండీ!" అని ఒక్క మాటతో ఒడ్డున పడేవాళ్ళం. మా వియ్యపురాలికి కూడా ఈ సౌకర్యం ఉండి ఉంటే మా బంధుత్వం పాలూ నీళ్ళలా ఉండేది. ఖర్మ కాలి ఆవిడ మెసేజీలన్నీ స్పష్టంగా వస్తాయి.

ఇంత మంచి వస్తువు మా కోడలి ఆఫీసుకి ఎలా వచ్చిందో, ఎలా పోయిందో చెప్పాలి. పోయిందనే నా దిగులు.

అది లిఫ్టులు బాగుచేసే కంపెనీ. టైర్ల దుకాణం మీద రెండో అంతస్తులో ఉంది. ఊళ్ళో ఉన్న లిఫ్టులన్నీ నడిపించే ఆ కంపెనీ మేడకి మాత్రం లిఫ్టు లేదు. మెట్లెక్కి రొప్పుతూ వెళ్ళి, మా లిఫ్టు ఆగిపోయిందని చెప్పుకోవాలి. కిందనుంచి టైర్లలో గాలి కొట్టే మోత, పైన ఫ్యాను మోత, మధ్యలో మా కోడలు.

ఆవిడ మొదట స్టోరు గదిలో ఉండేది. గ్రీజు పూసిన తాళ్ళు, బోల్టులు, బటన్లు. కిటికీ లేని గది. ఇంటికి వచ్చి ఎన్నిసార్లు చేతులు కడుక్కున్నా గ్రీజు వాసన పోయేది కాదు. అప్పట్లో కంపెనీ ఉత్తరాలన్నీ ఇంగ్లీషులో వెళ్ళేవి. వాటిని చదివి అర్థం చేసుకునే ఓపిక లేక, అందరూ ఫోను చేసి, "ఇంతకీ లిఫ్టు నడుస్తుందా, నడవదా?" అని అడిగేవాళ్ళు. ఒకరోజు ఎవరూ లేక మా కోడలు తనే మన భాషలో నోటీసు రాసి పంపింది.

"మంగళవారం పొద్దున లిఫ్టు ఆపుతాం. సాయంత్రానికి నడుస్తుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు బయట పనులు ముందురోజే చూసుకోండి. మధ్యలో తప్పనిసరై దిగవలసి వస్తే ఈ నంబరుకి ఫోను చేయండి, మా మనిషి వచ్చి సాయం పడతాడు."

అంతే. ఆ రోజు ఒక్క ఫోను రాలేదు. మేనేజరు అంతటివాడు ఫోను పాడైందేమోనని రిసీవరు ఎత్తి చూశాడట. మర్నాటికల్లా కోడలికి కిటికీ పక్కన బల్ల వేశారు. ఉత్తరాలు రాయడమే ఇక తన పని. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, "అత్తయ్యా, నా చేతులు వాసన చూడండి" అంది. సబ్బు వాసన తప్ప ఇంకేం లేదు. ఆ బల్ల ఆవిడకి ఎంత ప్రాణమో ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

అలా హాయిగా సాగుతుండగా ప్రశ్నార్థకాలు దిగాయి. ఇటు నుంచి ముత్యాల్లాంటి అక్షరాలు వెళ్తాయి, అటు నత్తగుల్లలు చేరతాయి. జనం మళ్ళీ ఫోన్లు అందుకున్నారు. ఇన్ని ప్రశ్నలు అడిగారేమిటమ్మా, దేనికి ముందు జవాబు చెప్పాలని ఒకావిడ నిలదీసింది. ఇంకొకాయన ఎందుకైనా మంచిదని "అవును" అని జవాబు రాశాడు. దేనికి అవునో ఆయనకీ తెలియదు, వీళ్ళకీ తెలియదు.

ఆఫీసులో కంప్యూటర్లు చూసే పెద్దాయన ఒకరున్నారు. ఏ రోగానికైనా ఆయన దగ్గర ఒకటే మందు, ఆపి మళ్ళీ వెయ్యడం. అందుకని అందరూ రీస్టార్టు బాబాయి అంటారు. మనిషి వెన్నలాంటివాడు. బాబాయి వచ్చి కోడలి కంప్యూటరు రీస్టార్టు చేశాడు. ప్రింటరుకి ఏ పాపం తెలియకపోయినా దాన్నీ చేశాడు. తర్వాత కోడలు తన మెయిలు తనకే పంపుకుంది. అక్షరాలు నిక్షేపంలా ఉన్నాయి. బాబాయికి పంపింది, బాగానే ఉంది. మేనేజరుకి పంపింది, బాగానే ఉంది.

దాంతో మేనేజరు తేల్చేశాడు. "మన దగ్గర బాగానే ఉంది."

ఆహా, ఎంత గొప్ప మాట! కుళాయి వాళ్ళు అంటారు, కరెంటు వాళ్ళు అంటారు, పంటి డాక్టరు కూడా అంటాడు. నొప్పి నా పంటికి, బాగుండటం ఆయన దగ్గర!

కోడలు ఊరుకోలేదు. మా మెయిళ్ళు ప్రశ్నార్థకాలై పోతున్నాయి, కాస్త చూడండని హెడ్డాఫీసుకి వివరంగా ఉత్తరం రాసింది. మెయిల్లోనే, మన భాషలోనే రాసింది. అది కూడా బయటికి పోవలసిందే కదా! ప్రశ్నార్థకాల మీద ఫిర్యాదు ప్రశ్నార్థకాలై చేరింది. "మీ అమూల్యమైన సలహాకు ధన్యవాదాలు" అని వెంటనే జవాబు వచ్చింది. ఎవరూ చదవకుండా దానంతటదే వచ్చే జవాబట అది. నాకైతే బాగా నచ్చింది. చదివినవాళ్ళు మాత్రం ఇంతకన్నా ఏం చేస్తారు?

రెండోసారి ఇంగ్లీషులో రాసింది. ఈసారి మనిషే జవాబిచ్చాడు. ఇంగ్లీషు ఉత్తరం చక్కగా అందింది గనక ఏ లోపమూ లేదనీ, ఇకమీదట కూడా ఇంగ్లీషులోనే రాసుకోమనీ.

ఇంతలో సంగీతం టీచరమ్మ సంగతి జరిగింది. ఆవిడ పాత మేడలో నాలుగో అంతస్తులో ఒంటరిగా ఉంటుంది. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఒకరోజు మధ్యాహ్నం ఆవిడ బయటికి వెళ్ళి వచ్చేసరికి లిఫ్టు ఆపేసి ఉంది. కంట్లో మందు చుక్కలు, చేతిలో కర్ర, ముందు నాలుగంతస్తుల మెట్లు. పొద్దుగూకేదాకా వాచ్‌మన్ కుర్చీలో కూర్చుంది పాపం. మర్నాడు ఆఫీసుకి ఫోను చేసింది. తిట్టడానికి కాదు.

"నోటీసు వచ్చిందమ్మా, రాలేదని నేననను" అందట. "ఒక్క అక్షరం కనపడకపోయేసరికి నా కళ్ళకే ఏదో వచ్చిందని హడలిపోయాను. అందుకే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి లిఫ్టు ఆగిపోయింది."

కోడలు ఫోను పెట్టేసి, తను పంపిన నోటీసు మళ్ళీ తెరిచి చూసుకుందట. లిఫ్టు ఆగుతుంది, బయటికి వెళ్ళకండి అని తను రాసిన ఉత్తరమే ఆవిడని బయటికి పంపింది.

చూశారా, ఇందులోనూ లాభమే! కళ్ళ పరీక్ష అయిపోయిందా లేదా? ఎన్నాళ్ళ నుంచో వాయిదా వేస్తోందట.

ఈ సంగతి మేనేజరు చెవిన పడింది. ఆయన వెంటనే పరిష్కారం కనిపెట్టాడు. ఒకటో తారీకు నుంచి నోటీసులన్నీ ఇంగ్లీషులోనే వెళ్ళాలి. హెడ్డాఫీసు నుంచి అచ్చు కాగితం వస్తుంది, తేదీ మార్చి పంపడమే. దానికి ప్రత్యేకంగా ఒక మనిషి ఎందుకు? స్టోరులో చెయ్యి తక్కువైంది, నువ్వు అక్కడికే వెళ్ళు తల్లీ అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడంటే, మా కోడలు పొరపాటున థాంక్సు చెప్పి వచ్చేసిందట.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి కాఫీ ముట్టుకోలేదు. బయటి ఫోను ఒకటి కావాలి అత్తయ్యా, ఉత్తరం ఎక్కడ చెడుతోందో కనుక్కుంటానంది. కరెంటు బిల్లుల కోసం మా అబ్బాయి ఎప్పుడో నా పేరు మీద మెయిలు తెరిచి ఉంచాడట, నాకూ అప్పుడే తెలిసింది. ఇక చూడండి నా వైభవం! మర్నాటి నుంచి నా ఫోను ఒకటే గణగణ. కోడలు అక్షరాలు మార్చి పంపింది. పెద్దవి చేసి పంపింది. ఒక్క మాట మాత్రమే రాసి పంపింది. బాబాయి కంప్యూటరు నుంచి పంపింది. నేను వరసగా ఫోను చేసి చెప్పేదాన్ని, ప్రశ్నార్థకాలే తల్లీ, ఈసారి కాస్త లావుగా ఉన్నాయి తల్లీ అని. మంత్రుల ఇళ్ళకి కూడా అన్ని ఉత్తరాలు వచ్చి ఉండవు.

ఒకటో తారీకు దగ్గరపడింది. సాయంత్రం కోడలు నా పక్కన కూర్చుని, నా ఫోను చేతిలోకి తీసుకుని ఆ నత్తగుల్లల వంక ఊరికే చూస్తోంది. ఏదో ఒకటి అని ఓదార్చాలి కదా.

"పోనీలే అమ్మా, మరీ అంత పాడుగా ఏం లేదు" అన్నాను. "ఆ అడుగున రాసిన ఇంగ్లీషు ముక్క ఎంత ముచ్చటగా వచ్చిందో చూడు."

"ఏ ఇంగ్లీషు ముక్క అత్తయ్యా?"

"ఇదిగో, ఇంత బారున ఉంటేనూ. నువ్వు రాసిందే కదా?"

కోడలు వేలితో పైకి జరుపుకుంటూ అడుగు దాకా వెళ్ళింది. వెళ్ళి ఆగిపోయింది. "నేను రాయలేదు" అంది. "నేను పంపేటప్పుడు ఇది లేదు. నేను మూసి పంపిన కవరు మధ్యలో ఎవరో విప్పుతున్నారు అత్తయ్యా."

ఆ రాత ఎవరిదంటారా? మేనేజరుది. ఆయన పేరు, హోదా, ఆ హోదా కింద ఇంకో హోదా. దాని కింద ఈ ఉత్తరం మీది కాకపోతే చదవకండని హెచ్చరిక, అదీ చివర్లో, అంతా చదివేశాక! చెట్లను కాపాడండి, కాగితం మీద అచ్చు తీయకండి అని హితవు. అన్నిటికన్నా అడుగున, కంపెనీ వ్రతం: స్పష్టంగా చెప్పడమే మా సేవ.

ఆయన ఆ మధ్య ముచ్చటపడి రాసుకుని, గడప దాటే ప్రతి ఉత్తరానికీ అది అంటుకునేలా పెట్టించాడు. ఆఫీసులో ఒకరికొకరు పంపుకునే వాటికి అంటుకోదు. అందుకే వాళ్ళ దగ్గర అంతా బాగానే ఉంది!

మర్నాడు పొద్దున్నే కోడలు బాబాయిని పట్టుకుని మెయిళ్ళు బయటికి పంపే మెషీను తెరిపించింది. బాబాయి చాలాసేపు చూసి తల పట్టుకున్నాడు. మేనేజరు రాతని ఉత్తరానికి తోకలా అంటించే ప్రోగ్రాము ఒకటి అందులో ఉంది, వాడికి ఇంగ్లీషు అక్షరాలే వచ్చునట. తోక అంటించాలంటే ఉత్తరం మొత్తం విప్పి మళ్ళీ తన చేత్తో రాయాలి. తెలియని అక్షరం వస్తే ప్రశ్నార్థకం పెట్టేసి ముందుకు పోతాడు. ఏనుగు వెళ్ళి తోక చిక్కుకుందని సామెత విన్నాం. ఇక్కడ తోక దర్జాగా వెళ్ళింది, ఏనుగే చిక్కుకుంది.

కోడలు పరుగున వెళ్ళి మేనేజరుకి చెప్పింది. తోక తీసేస్తే చాలండీ అంది. ఆయన ముఖం మాడ్చుకుని, అది తీసేస్తే కంపెనీ పరువేం కావాలన్నాడు. మన భాష మాని ఇంగ్లీషులో రాస్తే తోకకి తోకా ఉంటుంది, గొడవా ఉండదట. ఎంత న్యాయం! చెప్పు కరిచిందని కాలు కోసుకోమన్నట్టు.

కోడలు మళ్ళీ బాబాయి గదికి వచ్చింది. వేరే దారి లేదా అని అడిగింది. ఉందిగానీ అని బాబాయి నసిగాడు. తోక అంటించేవాడికి మన అక్షరాలు వచ్చేలా మార్చవచ్చు, కానీ తోకని పాత పద్ధతిలో దాచారు కాబట్టి అప్పుడు తోక చెడిపోతుంది. రెండూ బాగుండాలంటే హెడ్డాఫీసు వాళ్ళు వచ్చి చూడాలి. వాళ్ళు రారు.

"అయితే ఉత్తరమైనా బతకాలి, తోకైనా బతకాలి. అంతేనా బాబాయ్?"

"అంతేనమ్మా. ఏది బతకాలో నేను చెప్పలేను. ఆయన పేరుంది అందులో."

"మీరు చెప్పొద్దు. నేను చెబుతున్నాను" అంది మా కోడలు.

బాబాయి కుర్చీ మెషీను దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత ఏవో రెండు మార్చి, అలవాటు కొద్దీ మెషీను రీస్టార్టు చేశాడు.

ఆ రోజు నోటీసు సంగీతం టీచరమ్మ ఉండే మేడకే. తాళ్ళు మార్చాలి, లిఫ్టు వారం పొడుగునా ఆగిపోతుంది. కోడలు రాసింది, పంపింది. ఫోను దగ్గరికి జరుపుకుని కూర్చుంది. కాసేపటికి టీచరమ్మ ఫోను. కళ్ళజోడు అవసరం లేకుండా చదివేశాను తల్లీ, ఆ వారం మా చెల్లెలింట్లో ఉంటానంది.

మరి తోక? అందరి ఫోన్లలోనూ తోక ఉండవలసిన చోట చిన్నచిన్న ఖాళీ పెట్టెలు, రైలు పెట్టెల్లా వరసగా! మేడ మొత్తం మీద, అంతమందిలో ఒక్కరంటే ఒక్కరు కూడా తోకకి ఏమైందని అడగలేదు. అడగడానికి ముందు ఎవరైనా చదివి ఉండాలి కదా!

ఒక్కడు చూశాడు. మేనేజరు బావమరిది. అతనూ ఆ మేడలోనే ఉంటాడు. బావా, నీ పేరుకేమైంది, పెట్టెలు పెట్టెలుగా వచ్చిందని ఫోను చేశాడు.

ఇక చూడాలి ఆ హడావిడి! మేనేజరు కుర్చీలోంచి లేచినవాడు మళ్ళీ కూర్చోలేదట. హెడ్డాఫీసుకి ఫోను మీద ఫోను. కంపెనీ పరువు బజారున పడింది, మా మీద ఎవరో కుట్ర చేశారు, తక్షణం మనుషుల్ని పంపండి అని. భోజనాల వేళకి ముగ్గురు నిపుణులు రెండంతస్తులూ ఎక్కి రొప్పుతూ వచ్చిపడ్డారు. రెండుసార్లు రాసినా రాని మహానుభావులు! మెషీను తెరిచి, ఒక చిన్న గడిలో టిక్కు పెట్టారు. తోకా బాగుపడింది, ఉత్తరమూ బాగుపడింది. తెచ్చిన టీ చల్లారే లోపు పని అయిపోయింది.

ఎవరు చేశారీ పని అని మేనేజరు గద్దించాడు. రీస్టార్టు చేశానండీ, అంతే, అన్నాడు బాబాయి. ఆయన అంతకన్నా వేరే ఏదైనా చేయగలడని ఆ ఆఫీసులో ఎవరు నమ్ముతారు?

నిపుణుల్లో పెద్దాయన చేతులు తుడుచుకుంటూ మా కోడలి వైపు తిరిగి, "ఇంత చిన్న పని. ముందే చెబితే చేసిపెట్టేవాళ్ళం కదమ్మా" అన్నాడట.

కోడలు తన బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుని మర్నాటి నోటీసు రాయడం మొదలుపెట్టింది. ఒకటో తారీకు వచ్చింది, వెళ్ళింది. ఇంగ్లీషు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఏ ముఖం పెట్టుకుని ఎత్తుతారు? ఉత్తరాలు చక్కగా పోతుంటే!

అదండీ సంగతి. ప్రశ్నార్థకాలూ పోయాయి, నా సుఖమూ పోయింది. మళ్ళీ అందరూ అన్నీ చదువుకుంటున్నారు.

మీ ఆఫీసు నుంచి కూడా మన అక్షరాలు ఇలాగే చితికిపోయి బయటికి వస్తున్నాయా? నెలల తరబడి ఎవరికీ పట్టడం లేదా? ఫిర్యాదులు రాసి వేళ్ళు అరగదీసుకోకండి. మెషీన్ల గురించి నాకేమీ తెలియదు గానీ, మనుషుల గురించి కాస్త తెలుసు కాబట్టి ఒక్క ఉపాయం చెబుతాను. ముందు మీ పై అధికారి పేరు ఎక్కడుందో వెతకండి.